ధాన్యం తోలుకుపోయి మూడు నెలలు దాటింది, డబ్బు రాలేదు. ఎవరికి చెప్పుకోవాలి?

కోవూరు_కయ్య
మార్చి చివర్లో కోత కోయించాం. నాలుగెకరాలు, ఎన్‌ఎల్‌ఆర్ 34449. మా ఊళ్లో మూడేళ్లుగా కొంటున్న వ్యాపారే కయ్య దగ్గరకు లారీ తెచ్చాడు. గోతాలు, హమాలీలు, కాటా అన్నీ అతనివే. పుట్టి 19,000 అని మాట్లాడుకున్నాం. పుట్టికి 850 కిలోలు కదా, అతను 900 తూచాడు. అడిగితే "పచ్చి వడ్లు, తరుగు పోతుంది" అన్నాడు. మబ్బు పట్టి ఉంది, పట్టలు కప్పడానికి కూడా మనుషులు దొరకలేదు, సరే అన్నాను. మొత్తం 14 పుట్లు, 2,66,000 రావాలి. ఆ రోజు 60,000 చేతికిచ్చాడు. మిగతాది పది రోజుల్లో అన్నాడు. ఇప్పుడు 2025 జూలై 12. ఫోన్ చేస్తే మొదట్లో "తమిళనాడు పార్టీ డబ్బు వేయలేదన్నా" అనేవాడు, ఇప్పుడు ఎత్తడమే లేదు. ఎడగారుకు, అంటే రబీ తర్వాత వేసే పంటకు, ఎరువులు అప్పు తెచ్చి వేశాను. రాత్రి నిద్ర పట్టడం లేదు. ఇలాంటి వాళ్లకు లైసెన్సు అంటూ ఏమైనా ఉంటుందా? ఉంటే ఎవరు చూడాలి?

పెన్నాతీరం
చిట్టీ ఇచ్చాడా? దాని మీద ఏం రాసుంది?

సంగం_సన్నాలు
అన్నా, నాకు రెండేళ్ల కిందట ఇదే జరిగింది. 9 పుట్లు. డబ్బు రావడానికి ఏడు నెలలు పట్టింది, అదీ పంచాయితీ పెడితే. చివర్లో 11,000 తెగ్గోసి ఇచ్చాడు. వచ్చిందే చాలనుకుని తీసుకున్నాను.

కోవూరు_కయ్య
తెల్లకాగితం మీద రాసిచ్చిన చిట్టీ ఉంది. బస్తాల లెక్క, "14 పు" అని, కింద సంతకం. షాపు పేరు లేదు. లారీ నంబరు మా అబ్బాయి ఫోన్‌లో ఫొటో తీశాడు. బాకీ 2,06,000కి చెక్కు కూడా ఇచ్చాడు, కానీ "బ్యాంకులో వేయొద్దన్నా, నేనే ఖాతాకు పంపిస్తా" అంటే బీరువాలో పెట్టాను.

నెల్లూరు_వకీలు
ఆ చెక్కు మీద తేదీ ఏమిటో ఇప్పుడే చూసి చెప్పండి. మిగతావన్నీ తర్వాత.

కోవూరు_కయ్య
18 ఏప్రిల్.

నెల్లూరు_వకీలు
చెక్కు చెల్లుబాటు మూడు నెలలే. 2012 నుంచి అంతే, అంతకుముందు ఆరు నెలలు ఉండేది, చాలామంది ఇంకా అదే అనుకుంటున్నారు. ఈరోజు రెండో శనివారం, రేపు ఆదివారం. సోమవారం 14న బ్యాంకు తెరవగానే మీ ఖాతాలో వేయండి. 17 దాటితే అది ఉత్త కాగితం. "వేయొద్దన్నా" అని అతను మిమ్మల్ని ఎందుకు ఆపాడో ఆలోచించండి. అతనికి ఫోన్ చేసి వేస్తున్నానని చెప్పకండి.

మాగాణి_మస్తాన్
ఒక మాట అడుగుతా, కోపగించుకోవద్దు. 2024-25 పంటకు మద్దతు ధర ఏ గ్రేడు వడ్లకు క్వింటా 2,320. అంటే 850 కిలోల పుట్టికి 19,720. ప్రభుత్వం తరఫున కొనే రైతు సేవా కేంద్రం ఉండగా 19,000కి, అదీ 900 తూకంతో, బయట ఎందుకు ఇచ్చావు? ఇచ్చి ఇప్పుడు ప్రభుత్వం ఏం చేస్తోందంటే ఎట్లా?

అల్లూరు_ఆడపడుచు
మస్తాన్ అన్నా, మీ ఊళ్లో సజావుగా జరిగి ఉండొచ్చు. మాకు జరిగింది వినండి. ఈ-క్రాప్‌లో పంట నమోదు చేయించాం, ప్రభుత్వ వాట్సాప్‌లో హాయ్ పెట్టి అమ్మకానికి స్లాట్ కూడా తీసుకున్నాం. మిషన్ కోత రోజు తేమ 21 వచ్చింది. 17 దాటితే తీసుకోరు. ఆరబోయడానికి మాకు కళ్లం లేదు, రోడ్డు పక్కన పోశాం. నాలుగు రోజులు నేనూ మా అత్తా కాపలా. ఆరాక గోతాలు లేవన్నారు. గోతాలు వచ్చాక లారీ లేదన్నారు. లారీ వచ్చాక మిల్లు దగ్గర ఒకటిన్నర రోజు నిలబెట్టి, నూక ఎక్కువ వస్తుందని బస్తాకు ఇంత అని తరుగు అడిగారు. డబ్బు మాత్రం మిల్లులో దించిన రెండో రోజే ఖాతాలో పడింది, అది నిజం, కాదనను. కానీ అలా తొమ్మిది రోజులు ఆగగలిగిన వాళ్లకే అది. మా పక్క కయ్య ఆయన ఒక్కడే మనిషి, బిడ్డలు బెంగళూరులో. వానకు భయపడి వచ్చిన లారీకి ఎక్కించేశాడు. తప్పు అతనిది అనగలమా?

మాగాణి_మస్తాన్
తప్పు అనలేదమ్మా. ఓపిక పడితే దక్కేదని అన్నాను.

సంగం_సన్నాలు
ఓపిక ఉంటుంది అన్నా, అప్పుకు వడ్డీ ఆగదు. మా ఊళ్లో ఎరువుల షాపు ఆయనే ధాన్యం కొంటాడు. నాట్లప్పుడు యూరియా ఇచ్చినవాడికి కాకుండా ఇంకొకరికి తోలితే మళ్లీ సీజన్‌కు గడప తొక్కనిస్తాడా?

మిల్లు_గుమాస్తా
పాతికేళ్లు మిల్లులో లెక్కలు రాశాను కాబట్టి రెండో వైపు కూడా చెప్తాను. 900 తూచాడని వెంటనే దొంగ అనేస్తున్నారు. లెక్క చూడండి. 17 శాతం తేమ ఉన్న 850 కిలోల్లో నీళ్లు కాకుండా గింజ 705.5 కిలోలు. అదే గింజ 22 శాతం తేమతో ఉంటే 904 కిలోలు తూగుతుంది. మిషన్ కోసిన రోజు 22 మామూలే. అంటే పచ్చి వడ్లకు 900 అడగడం అన్యాయం కాదు, ఆరాక మిగిలేది 850 కంటే కొంచెం తక్కువే. కొన్నవాడు డ్రయర్ ఖర్చు, హమాలీ, దారిలో రాలిపోయేది అన్నీ భరించాలి. డబ్బు ఎగ్గొట్టడం వేరే విషయం, దాన్ని నేను సమర్థించను.

పెన్నాతీరం
గుమాస్తా గారి లెక్క తప్పు కాదు. కానీ అది 22 అని తేలితేనే. తేమ 19 అయితే 871 చాలు. 17 అయితే 850 మీద ఒక్క కిలో అదనంగా తీసుకున్నా రైతు సొమ్మే. కోవూరు అన్నా, నీ వడ్ల దగ్గర తేమ మిషన్ పెట్టాడా?

కోవూరు_కయ్య
లేదు. గుప్పిట్లో పట్టుకుని, నోట్లో రెండు గింజలు కొరికి "ఇరవై పైనే" అన్నాడు. అప్పటికే రెండు రోజులు ఎండలో ఉన్నాయి.

పెన్నాతీరం
అదీ సంగతి. పుట్టికి 50 కిలోలు, 14 పుట్లకు 700 కిలోలు. అతను చెప్పిన ధర ప్రకారమే చూసినా 15,600 పైన. ఏడు క్వింటాళ్లు నోటి మాట మీద పోయాయి. తేమ ఎంత, తరుగు ఎంత అని చిట్టీ మీద అంకె రాయించి ఉంటే ఈరోజు వాదించడానికి ఆధారం ఉండేది. గుమాస్తా గారూ, మీ మిల్లుకు వచ్చే ప్రతి లారీకీ మీరు తేమ రాసుకునేవారా, లేదా?

మిల్లు_గుమాస్తా
రాసుకునేవాళ్లం. రైతుకు ఇచ్చే కాగితం మీద కాదు, మా పుస్తకంలో. మీరు అడిగింది న్యాయమే.

గట్టుమీద_తాత
నేను చూసినంతలో ధాన్యం మీద ఆంక్షలు ఇంతకంటే చాలా గట్టిగా ఉండేవి. మా నాయన కాలంలో ధాన్యం వేరే చోటికి తరలించాలంటే పర్మిట్ కావాలి, దారి పొడవునా చెక్‌పోస్టులు. మద్రాసుకు నెల్లూరు బియ్యం మూటల్లో దాచి పట్టుకుపోయిన వాళ్లను నేనెరుగుదును. తర్వాత లెవీ. మిల్లరు ఆడించిన బియ్యంలో 75 శాతం దాకా ప్రభుత్వానికి లెవీ ధరకు ఇవ్వాలి, మిగిలిందే బయట అమ్ముకోవాలి. అందుకని మిల్లరు ఏ రైతు దగ్గర ఎంత కొన్నాడో లెక్క ఉండేది. 2015 అక్టోబరుతో లెవీ పూర్తిగా పోయింది. డీలర్ లైసెన్సు అంతకుముందే, 2002లో పోయింది. ఇప్పుడు ఎవడు పడితే వాడు లారీ వేసుకుని రావచ్చు. లెవీ మంచిదని అనను, అందులో బాధలు అందులో ఉన్నాయి. కానీ చూసే కన్ను ఒకటి ఉండేది.

నెల్లూరు_వకీలు
పెద్దాయనా, అక్కడ చిన్న సవరణ. చాలామంది పొరబడేది ఇక్కడే. 2002లో కేంద్రం తీసేసింది నిత్యావసర సరుకుల చట్టం కింద ఉన్న డీలర్ లైసెన్సు, నిల్వ పరిమితి, రవాణా ఆంక్షలు. మార్కెట్ కమిటీ ఇచ్చే లైసెన్సు వేరు. అది మన ఆంధ్రప్రదేశ్ 1966లో చేసిన మార్కెట్ల చట్టం కిందిది, ఇప్పటికీ ఉంది. నోటిఫై చేసిన ప్రాంతంలో ధాన్యం వ్యాపారం చేసేవాడు ఆ లైసెన్సు తీసుకోవాలి, మార్కెట్ ఫీజు కట్టాలి. ఆ ఫీజు కొనేవాడు కట్టాల్సింది, రైతు కాదు. మీ చిట్టీలో "ఫీజు" అని పట్టుకుంటే అడగండి. 2020లో కేంద్రం తెచ్చిన చట్టంలో పాన్ కార్డు ఉంటే చాలు, యార్డు బయట ఎవరైనా కొనొచ్చన్నారు. డబ్బు అదే రోజు, లేదంటే మూడు పనిదినాల్లో ఇవ్వాలన్న మాట కూడా అందులో ఉంది. 2021 జనవరిలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, ఆ నవంబరులో పార్లమెంటు రద్దు చేసింది. కాబట్టి పాత చట్టమే మనకు దిక్కు.

గట్టుమీద_తాత
మంచిది నాయనా, తెలిసింది.

పొదిలి_మెట్టరైతు
మా ప్రకాశంలో పొగాకు వేసేవాళ్లకు ఇదంతా వింతగా ఉంటుంది. వర్జీనియా పొగాకు అయితే పొగాకు బోర్డు దగ్గర రైతు పేరు ఉండాలి, ఆకు కాల్చే బ్యారన్ ఉండాలి, కొనే కంపెనీ పేరు కూడా ఉండాలి. పొదిలి, ఒంగోలు, కందుకూరు, టంగుటూరు, కొండపి, ఎక్కడైనా వేలం కేంద్రంలోనే అమ్మకం. బేలు తూకం అక్కడే, ధర అక్కడే, డబ్బు ఖాతాకే. ధర సరిపోవడం లేదని కొట్లాడతాం, ఎవరూ పాడలేదని నోబిడ్ పెట్టి బేళ్లు వెనక్కి పంపితే రోడ్డెక్కుతాం. కానీ "కొన్నవాడు ఎవడో తెలియదు, ఫోన్ ఎత్తడం లేదు" అనే మాట మా దగ్గర వినబడదు.

పర్చూరు_నల్లరేగడి
అదే ఒంగోలు పక్కన నల్ల బర్లీ పొగాకు వేసినవాళ్లను అడగండి. అది బోర్డు కిందకు రాదు. నిరుడు కంపెనీలు ఎంతైనా కొంటాం అంటే ఎగబడి వేశారు, ఈ ఏడు కొనేవాడు లేడు. చివరికి ప్రభుత్వం తన సహకార సంస్థ మార్క్‌ఫెడ్‌ను కొనడానికి దింపాల్సి వచ్చింది. ఒకే నేల, ఒకే ఆకు, ఒకదానికి పద్ధతి ఉంది, ఒకదానికి లేదు. తేడా అంతే.

పొదిలి_మెట్టరైతు
సరిగ్గా చెప్పావు తమ్ముడూ. మా బావమరిది కొట్టంలో ఇంకా ఉంది బర్లీ.

మాగాణి_మస్తాన్
వడ్లను పొగాకులా వేలం వేయలేం. పొగాకు రైతులెంతమంది, వరి రైతులెంతమంది? ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు మన నెల్లూరు జిల్లాలో రోడ్డు కనబడకుండా వడ్లే. ఏ యార్డు పడుతుంది?

పొదిలి_మెట్టరైతు
వేలం వేయమనలేదు. కొనేవాడి పేరు ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి అంటున్నా.

కౌలుబిడ్డ
మా గురించి ఎవరూ మాట్లాడలేదు. మా నాన్న ఆరెకరాలు కౌలు. 2019 చట్టం ప్రకారం సాగుదారు హక్కు కార్డు ఇవ్వాలి, పదకొండు నెలలకు. దానికి భూమి యజమాని సంతకం కావాలి. యజమాని హైదరాబాదులో ఉంటాడు, సంతకం పెడితే భూమి పోతుందని ఆయన భయం. కార్డు లేకపోతే ఈ-క్రాప్ యజమాని పేరు మీద పడుతుంది, అప్పుడు ప్రభుత్వానికి అమ్మినా డబ్బు ఆయన ఖాతాకే. ఆయన మంచివాడే, పంపిస్తాడు, కానీ ఆయన్ను అడుక్కోవాలి. అందుకని మాకు ఎప్పుడూ దళారీనే. రేటు అతను చెప్పిందే, తూకం అతను తూచిందే. పోయినసారి మా నాన్న కాటా వైపు చూస్తూ నిలబడితే "ఏం పెద్దాయనా, నమ్మకం లేదా" అన్నాడు. మా నాన్న పక్కకు వెళ్లిపోయాడు. నేను అక్కడే ఉన్నా, నాకది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అల్లూరు_ఆడపడుచు
తమ్ముడూ, ఇంకోసారి నువ్వు నిలబడు. కాటా దగ్గర నిలబడటం మన హక్కు.

కాటా_కబుర్లు
కాటా మాట వచ్చింది కాబట్టి. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఏడాదికోసారి పడాలి. ఆ సర్టిఫికెట్ వ్యాపారి దగ్గర ఉండాలి, చూపించమని అడగండి. ఇంట్లో ఒక 20 కిలోల రాయి పెట్టుకోండి, లేదా కంపెనీ ముద్ర ఉన్న 50 కిలోల ఎరువు బస్తా విప్పకుండా తీసుకెళ్లి ముందు దాన్ని కాటా మీద పెట్టండి. గోతంతో కలిపి 50 పైన కొద్దిగా చూపాలి. తక్కువ చూపిందంటే ఆ కాటా మీ వడ్లను తినేస్తోందని అర్థం. మా ఊళ్లో ముగ్గురం కలిసి ఇలా చేస్తే ఆ రోజు లారీ వెనక్కి పోయి వేరే కాటా తెచ్చుకుంది.

ఇంకో విషయం. 2009 చట్టం ప్రకారం కిలో, క్వింటా, టన్ను తప్ప వేరే కొలతలో ధర చెప్పడమే కుదరదు. పుట్టి, తూము అనేవి మన నోట్లో ఉండాల్సినవే, చిట్టీ మీద కాదు. "14 పు" అని రాస్తే అది 11,900 కిలోలా, 12,600 కిలోలా? రేపు కోర్టులో ఆ "పు" అంటే ఎంత అని అడిగితే ఏం చెప్తారు?

సంగం_సన్నాలు
మా తాతకు ఈ మాట చెప్తే కర్ర పుచ్చుకుంటాడు, పుట్టి లేకుండా వడ్లేంటిరా అని :)

కాటా_కబుర్లు
తాతకు దండం పెట్టి చెప్పు, పుట్టి ఎక్కడికీ పోదు, పక్కన కిలోలు కూడా రాయించమంటున్నా అంతే :)

ఊరుదాటిన_నెల్లూరోడు
మాది ఇందుకూరుపేట, ఇప్పుడు అమెరికాలో అయోవాలో ఉంటున్నా. చుట్టూ మొక్కజొన్న, సోయా. ఇక్కడ రైతు దగ్గర ధాన్యం కొనేవాడికి రాష్ట్రం లైసెన్సు ఇస్తుంది, ఊరికే ఇవ్వదు, అప్పులు ఆస్తులు చూపించాలి, అధికారులు వచ్చి పుస్తకాలు, నిల్వలు తనిఖీ చేస్తారు. 1980ల్లో ఇక్కడ ధాన్యం కొనే సంస్థలు వరసగా మునిగి రైతులు రోడ్డున పడ్డారట. 1986లో ఒక నిధి పెట్టారు. లైసెన్సు ఉన్న డీలరు దివాలా తీస్తే రైతుకు నష్టంలో 90 శాతం దాకా ఆ నిధి ఇస్తుంది, దానికీ ఒక పరిమితి ఉంది. ఒక్క సంగతి మాత్రం మనకు బాగా పనికొస్తుంది. ఉద్దెరకు, అంటే తర్వాత డబ్బిచ్చే ఒప్పందం మీద అమ్మిన ధాన్యానికి చాలా ఏళ్లు ఆ నిధి వర్తించలేదు. ఇక్కడ కూడా అరువే రైతుకు ప్రమాదం.

మిల్లు_గుమాస్తా
అది పెద్ద కమతాల దేశం. ఇక్కడ కొనేవాడిని ముందే డబ్బు పూచీ పెట్టమంటే ఊళ్లో తిరిగే చిన్న వ్యాపారి తప్పుకుంటాడు. అతనిదీ అరువు బతుకే. చెన్నై దగ్గర రెడ్‌హిల్స్ మార్కెట్లో బియ్యం అమ్ముడైతే అక్కడి వాళ్లు మిల్లుకు వేస్తారు, మిల్లు ఇతనికి, ఇతను రైతుకు. చిన్నవాళ్లు పోతే నలుగురు పెద్దవాళ్లు మిగులుతారు, వాళ్లు కలిసి ధర ఎంత అంటే అంత. అప్పుడు మళ్లీ మీరే ఏడుస్తారు.

పెన్నాతీరం
ఆ గొలుసంతటిలో అందరికంటే చివర డబ్బు చేరేది రైతుకు, అందరికంటే ముందు సరుకు ఇచ్చేదీ రైతే. నాకు మండేది అక్కడ. ప్రభుత్వం తను కొన్న ధాన్యాన్ని ఆడించమని మిల్లుకు ఇచ్చేటప్పుడు బ్యాంకు గ్యారంటీ తీసుకోకుండా ఇస్తోందా? ఇవ్వదు. మిల్లరు మంచివాడా చెడ్డవాడా అని చూడదు, గ్యారంటీ ఎంత పెట్టాడో చూసి అంత మేరకే లారీలు పంపిస్తుంది. ఇంత పెద్ద ప్రభుత్వమే మాట మీద గింజ ఇవ్వనప్పుడు నాలుగెకరాల మనిషి ఏ ధైర్యంతో ఇవ్వాలి? చిన్న వ్యాపారి బతకాలి, సరే, కొనేదానికి తగ్గట్టు చిన్న పూచీయే పెట్టించండి. పది పుట్లు కొనేవాడు పది పుట్లకు పెడతాడు.

మిల్లు_గుమాస్తా
కొనేదానికి తగ్గట్టు అయితే ఒప్పుకుంటాను. మంచి వ్యాపారులకు కూడా మేలే. ఇలా ఎగ్గొట్టేవాళ్ల వల్ల రొక్కం ఇచ్చేవాడికీ చెడ్డపేరు వస్తోంది.

కోవూరు_కయ్య
సోమవారం పొద్దున్నే చెక్కు వేశాను. అక్కడి నుంచి మార్కెట్ కమిటీ ఆఫీసుకు వెళ్లి అతని పేరు చెప్పి లైసెన్సు ఉందా అని అడిగాను. పుస్తకం తిప్పి లేదన్నారు. మూడేళ్లుగా మా ఊరి నుంచి లారీలు పోతున్నాయి, లేదట. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకున్నాను. మీరంతా చెప్పకపోతే అక్కడికి వెళ్లాలనే తోచేది కాదు.

అల్లూరు_ఆడపడుచు
మంచి పని చేశారన్నా. మీ ఊళ్లో ఇంకెవరికైనా బాకీ ఉన్నాడేమో కనుక్కోండి, కలిసి వెళ్తే బరువు వేరు.

కోవూరు_కయ్య
కనుక్కున్నానమ్మా. ఐదుగురం తేలాం. ఒకాయనకు 3,40,000. ఆయన ఇంట్లో కూడా చెప్పలేదు ఇన్నాళ్లు, నేను అడిగితే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

కౌలుబిడ్డ
అయ్యో.

కోవూరు_కయ్య
చెక్కు తిరిగొచ్చింది. ఖాతాలో డబ్బు చాలదని మెమో ఇచ్చారు. మెమో మీద తేదీ 16.

నెల్లూరు_వకీలు
భయపడకండి, మనకు కావలసింది ఆ మెమోనే. మీకు అందిన రోజు నుంచి 30 రోజుల్లో అతనికి రాతపూర్వకంగా నోటీసు పోవాలి. నోటీసు అందాక అతనికి 15 రోజుల గడువు. అప్పటికీ ఇవ్వకపోతే ఆపై నెల రోజుల్లోపు చెక్కు బౌన్సులకు ఉన్న 138వ సెక్షన్ కింద కేసు వేయాలి. మీ బ్యాంకు శాఖ ఏ కోర్టు పరిధిలో ఉందో అక్కడే వేయొచ్చు, అతని ఊరికి తిరగనక్కర్లేదు. కేసు నడుస్తుండగానే చెక్కు మొత్తంలో 20 శాతం దాకా ఇప్పించే అధికారం 2018 నుంచి కోర్టుకు ఉంది. చిట్టీ, లారీ ఫొటో, 60,000 ఇచ్చిన రోజు ఎవరున్నారో వాళ్ల పేర్లు, అన్నీ ఒకచోట పెట్టండి. మిగతా నలుగురిలో ప్రోనోటు ఉన్నవాళ్లకు మూడేళ్ల గడువు ఉంటుంది, చెక్కులున్నవాళ్లను మాత్రం ఈరోజే తేదీ చూసుకోమనండి.

మాగాణి_మస్తాన్
కోవూరు తమ్ముడూ, మొదట్లో నిన్ను గట్టిగా అన్నాను, మనసులో పెట్టుకోకు. 2025-26 పంటకు మద్దతు ధర ఏ గ్రేడు క్వింటా 2,389 అయింది, పుట్టికి 20,306. ఆరబోయడానికి మా కళ్లం వాడుకో. పట్టలు కూడా ఉన్నాయి.

కోవూరు_కయ్య
తప్పకుండా అన్నా. ఆ 3,40,000 ఆయన చెక్కు చూశాను, తేదీ ఏప్రిల్ 21. ఈరోజు 17. ఇప్పుడే ఆయన్ని బండి మీద ఎక్కించుకుని బ్యాంకుకు వెళ్తున్నా.